కీబోర్డుకు ఎడమపక్క జానెడు నేల

శ్రీమద్విద్యుద్దీప విరాజితమై, నానావిధ ముఖచిత్ర మండితమై, గుమ్మము దాటి వచ్చినవానిని ఎంతటివానినైనను స్టూలుపై కూర్చుండబెట్టి "గడ్డం కొంచెం పైకి, ఆఁ, అంతే" అని శాసించు ఒకానొక ఫోటో స్టూడియోయందు, ఎండ మెల్లగా కౌంటరు కాళ్లదాకా పాకివచ్చు ఒకానొక మధ్యాహ్నవేళ మొదలై మరునాటి ఉదయమున ముగిసిన అన్నాచెల్లెళ్ల మహాసంగ్రామమును చెప్పబోవుచున్నాను. రసికులారా, సావధానచిత్తులై వినుడు. నడుమ నడుమ ఫోను చూసుకొనువారు ఇప్పుడే లేచిపోవచ్చును, నాకేమీ కోపము లేదు. ఇంతకును ఈ యుద్ధమునకు కారణభూతమైన భూభాగము కీబోర్డుకు ఎడమపక్క నున్నది. వైశాల్యము జానెడు.

ఆ స్టూడియోలో కంప్యూటరు ఒక్కటి, దానికి మౌసు ఒక్కటి, ఏలికలు ఇద్దరు. ఉదయపు రాజ్యము అన్నగారిది. ఆయన దక్షిణహస్త ధురంధరుడు, పాస్‌పోర్టు ఫోటో పంచాననుడు, కూర్చున్నచో కుర్చీ కనబడనంతటి విశాల విగ్రహుడు. మధ్యాహ్నపు రాజ్యము చెల్లెలిది. ఆమె వామహస్త విక్రమశాలిని, కేశాంత కర్తన కళాకోవిద. అనగా, ఫోటోలో మనిషి వెనకనున్న గోడను, తలమీది వెంట్రుక ఒక్కటైనను తెగకుండ, కత్తిరించి అవతల పారవేయగల దిట్ట. అయితే ఆ దిట్టతనమంతయు ఎడమచేతిలో నుండగా, మౌసేమో కుడిపక్కన నుండెను. అక్కడే వచ్చినది చిక్కంతా.

ఈ చిక్కు నేటిది కాదు. బడిలో చేరిననాడే మాస్టరుగారు ఆమె ఎడమచేతి పెన్సిలును కుడిచేతికి మార్పించిరి. ఇంటిలో అమ్మ మార్పించెను, నాన్న మార్పించెను, ఎదురింటి అత్తయ్యగారు కూడ, ఆవిడకేమి సంబంధమో నాకిప్పటికీ తెలియదు, కిటికీలోనుండి కేకవేసి మరీ మార్పించెను. ఫలితముగా ఆమె చేవ్రాత కోడి కెలికినట్టు తయారాయెను. ఫోటోల కవరుపై ఆమె ఎవరి పేరైనా వ్రాసినపుడెల్లా అన్నగారు దానిని వెలుగుకెత్తి పట్టి, "ఇది ఎవరి ఈసీజీ అమ్మడూ" అని నవ్వెడివాడు. కీబోర్డు చేతికి వచ్చిననాడు ఆమెకు ప్రాణము లేచివచ్చెను, ఏలయన అక్కడ రెండు చేతులకును సమాన గౌరవము. అంతలో దాని పక్కనే మౌసు వచ్చి కూర్చుండి, మరల ఆ కుడిచేతినే తెమ్మనెను.

"రెండో మౌసు కొందాం అన్నయ్యా," అని ఆమె ఎన్నోమార్లు రాయబారము నడపెను.

"ఉన్నది చచ్చిందా ఏంటి?"

"అది చావలేదు. నన్ను చంపుతోంది."

"అలవాటు చేసుకోవాలమ్మడూ. నేను చేసుకోలేదూ?"

అని పలికి, పుట్టుకతోనే కుడిచేతివాటము గల ఆ మహానుభావుడు, టీ కప్పును తీసి కీబోర్డుకు ఎడమపక్క పెట్టుకొనెను. ఆ జానెడు నేలలో ఆయన సేన అప్పటికే విడిది చేసియున్నది: స్టేప్లరు, లెన్సు మూతలు, ఎప్పుడో ఎండిపోయిన గమ్ము సీసా. చెల్లెలికి ఆ చోటే కావలెను. ఇంకేమీ అక్కరలేదు.

ఆనాటి మధ్యాహ్నము అన్నగారు కెమెరా భుజాన వేసుకొని ఏదో స్కూలువారి గ్రూపు ఫోటోకై బయలుదేరెను. ఆయన స్కూటరు చప్పుడు మలుపు తిరిగినంతనే చెల్లెలు జుట్టు బిగించి ముడివేసి, మౌసు నెదుట నిలిచి, "ఓరీ ఏకహస్త పక్షపాతీ, హ్రస్వలాంగూల గర్వితా, నీ దక్షిణదిశా దుర్గమును నేడు భేదింపకున్న నేను ఈ స్టూడియో ఆడపడుచునే కాను" అను భావము వచ్చునట్లు నాలుగే మాటలలో ఇట్లు పలికెను.

"ఇవ్వాళ నీ పని చెబుతా."

మౌసు తోక పొట్టి. అది బల్లకింద కుడిమూలనున్న సీపీయూ డబ్బా వెనకనుండి పుట్టి, బల్ల అంచెక్కునప్పటికే అలసిపోవును. కీబోర్డు దాటి ఎడమకు రమ్మన్న రాదు. కనుక డబ్బానే ఎడమమూలకు తరలింపవలెను. అంత ఆ వీరవనిత మోకాళ్లపై వంగి, ధూళిధూసరితమును, సాలీడు సంతతి సంకులమును, తంత్రీజాల జటిలమును, ఏనాడో జారిపడిన పెన్ను మూతలకును పాస్‌పోర్టు సైజు పెద్దమనుషులకును నివాసమును నగు ఆ పాతాళలోకమును ప్రవేశించి, మానిటరు తీగె ఏదో, ప్రింటరు తీగె ఏదో, ఎక్కడికీ పోని తీగె ఏదో తెలియక తికమకపడి, తుమ్మి, మరల తుమ్మి, లేవబోయి బల్ల అంచుకు తల కొట్టుకొని, "అమ్మా" యని మాతృదేవతను స్మరించి, పళ్లు బిగబట్టి, ఆ డబ్బాను అంగుళమంగుళముగ ఈడ్చి ఎడమమూలకు చేర్చెను. ఎక్కడికీ పోని ఆ తీగెను మాత్రము పీకలేదు. పీకిన ఏమగునో ఎవరికి తెలియును?

పైకి వచ్చి స్టేప్లరును, మూతలను, గమ్ము సీసాను కుడిపక్కకు తోలివేసి, టీ మరకలను తడిగుడ్డతో తుడిచి, అచ్చట మౌసును ప్రతిష్ఠించెను. ఎడమచేత మౌసు పట్టినచో చూపుడువేలు కుడి బటనుపై పడును గదా, కనుక సెట్టింగులలోకి పోయి రెండు బటన్ల పనులను తారుమారు చేసెను. ఆ సాయంత్రమే ఒక ఉంగరాల జుట్టు పాప ఫోటో వచ్చెను. చెల్లెలి చేయి ఆ ఉంగరముల వెంబడి దానంతటదే నడచెను, ఎక్కడా తడబడలేదు. ఆమెకు ఏడుపొచ్చునంత హాయి కలిగెను.

మరునాడు ఎన్నడూ లేనిది ఆమె పొద్దున్నే స్టూడియోకు వచ్చి, ఓ మూల ప్రింటు కాగితములు సర్దుచున్నట్టు నటించుచుండెను. అన్నగారి నప్పటికే ఒక బస్సు డ్రైవరుగారు పట్టుకొనియున్నారు. ఆయనకు లైసెన్సు రెన్యువలుకై ఫోటో కావలెను, బండి తీయువేళ దగ్గరపడుచున్నది. ఆయన మీసమును వర్ణించుటకు నాకు శక్తి చాలదు. అది చెంపలదాకా పోయి, అక్కడ ఒకపరి ఆగి, ఆలోచించుకొని, పైకి తిరిగినది. ఫోటో తీయుట క్షణములో ముగిసెను. అన్నగారు వచ్చి కుర్చీని అధిష్ఠింపగా, ఆయన కుడిచేయి అలవాటు చొప్పున మౌసుండు చోటికి పోయి, ఉత్త బల్లను పట్టుకొని, క్లిక్ చేసెను. రెండవమారు కూడ చేసెను.

"మౌసేదీ?"

"ఎడమపక్క ఉంది అన్నయ్యా."

"ఎవరు పెట్టారటా?"

"నేనే."

"తీసి ఇటు పెట్టు."

"వైరు రాదు. డబ్బా అటు జరిపాను. కావాలంటే బల్లకింద దూరి జరుపుకో."

స్టూడియో సార్వభౌముడు బల్లకింది ఖాళీని చూచెను, తన పొట్టను చూచెను, మరల ఖాళీని చూచెను. ఆ రెంటికిని సంధి కుదురలేదు.

"బాబూ, బండి టైమవుతోంది," అనెను డ్రైవరుగారు.

అంత అన్నగారు, తప్పనిసరియై, తన జన్మలో టీ కప్పు తప్ప మరేమియు మోసి యెరుగని ఎడమచేత ఆ మౌసును, జారిపోవు చేపను పట్టినట్టు పట్టి, గోడను చెరుపుటకై ముందుకు దూకించెను. బాణము పైకి పొమ్మన్న పక్కకు పోయెను. నిలుమన్న నిలువక తెర అంచున దాగెను. పాత అలవాటు చొప్పున ఎడమ బటను నొక్కినంతనే, పిలువని పేరంటముగా పెద్ద మెనూ ఒకటి దిగివచ్చి డ్రైవరుగారి ముఖముపై పరచుకొనెను. దానిని తొలగింపబోయి ఆయన ఏదో నొక్కెను, మరేదో కదలెను, సవ్వడి లేకయే మీసపు కుడికొమ్మ నేలకూలెను.

"బాబూ, ఒకపక్క మీసం ఏది?"

"వస్తుందండి, వెనక్కి తెస్తా."

కీబోర్డుపై రెండు మీటలు కలిపి నొక్కి మీసమును బ్రతికించెను. ఈసారి చెవి పోయెను.

"చెవి పోతే పోయింది," అనెను డ్రైవరుగారు ఉదారముగా. "మీసం మాత్రం జాగ్రత్త."

నవ్వుటకే చెల్లెలు పొద్దున్నే వచ్చినది. నవ్వు నోటిదాకా వచ్చినది కూడ. కాని అన్నగారి భుజము చెవిదాకా బిగిసియుండుట, నాలుక పంటికింద నలుగుచుండుట, నుదుట చెమట పట్టుట చూచినంతనే ఆ నవ్వు అక్కడే ఆగెను. ఆ కూర్చున్న తీరు తనదే. కొన్నేళ్లుగా ఆ కుర్చీలో తాను అట్లే కూర్చున్నది. ఆమెకు అన్నగారిపై జాలి కలిగెను, తనపై అంతకన్న ఎక్కువ కలిగెను.

ఆయన మౌసు వదలి చేయి దులుపుకొనెను.

"నీకు రోజూ ఇలాగే ఉంటుందా?"

"ఊఁ."

"మరి చెప్పొచ్చు కదా."

"చెబుతూనే ఉన్నాను. నువ్వు నవ్వుతూనే ఉన్నావు."

అన్నగారు లేచి కుర్చీ ఇచ్చెను. చెల్లెలు కూర్చుండి, చెవిని చెవిచోట నిలిపి, మీసము చుట్టునున్న గోడను పోచపోచకును నడుమనుండి ఒలిచి ప్రింటు తీసి ఇయ్యగా, డ్రైవరుగారు ఫోటోలు కన్నులకు దగ్గరగా పెట్టుకొని, మీసపు రెండు కొమ్మలను వేలితో తడిమి చూచి, తృప్తిపడి బండికి పరుగెత్తెను. అన్నగారు కూడ వెంటనే బయటికి పోయెను. అలిగెనేమో యని చెల్లెలు గుమ్మమువైపు చూచుచుండగనే, ఎదుటి వీధి కంప్యూటర్ల కొట్టునుండి ఒక అట్టపెట్టె పట్టుకొని వచ్చి, అందుండి తోకలేని కొత్త మౌసు నొకదానిని తీసి, కీబోర్డుకు కుడిపక్క పెట్టుకొనెను. ఎడమపక్కకు చేయి చాపలేదు.

అంతట ఒక కాలేజీ అమ్మాయి ఫోటోకై వచ్చెను. ఫోటో తీసిన పిమ్మట అన్నగారు కొత్త మౌసును సగర్వముగ పట్టి నొక్కెను. మెనూ దిగివచ్చెను.

"ఇదేంటి, ఇదీ తిరగబడిందే?"

"సెట్టింగు రెండిటికీ ఒకటే అన్నయ్యా. నాకు కుదిరితే నీకు కుదరదు, నీకు కుదిరితే నాకు కుదరదు."

మార్చెయ్ అను మాట ఆయన పెదవులదాకా వచ్చుట చెల్లెలు కన్నులారా చూచెను. ఆయన ఆ మాటను మింగి, కుర్చీని కొంచెము ముందుకు జరుపుకొనెను.

"అయితే ఏ వేలితో నొక్కాలి?"

"నడిమి వేలితో."

ఆయన నొక్కెను, తప్పెను, మరల నొక్కెను. "ఏమైందండీ, ఆలస్యమవుతుందా?" అని కాలేజీ అమ్మాయి అడిగెను.

"కొంచెం ఆగమ్మా," అనెను పాస్‌పోర్టు ఫోటో పంచాననుడు. "నేర్చుకుంటున్నాను."

జయము, జయము! దిక్కులు పిక్కటిల్లలేదు, ప్రింటరొక్కటి గుర్రుమనెను. కీబోర్డుకు ఎడమపక్క జానెడు నేలయు, దానిపై నొక మౌసును, ఆ మౌసుకు చెందిన బటన్లు రెండును ఆనాటితో వామహస్త విక్రమశాలిని వశమాయెను, చిరకాలము ఏలుగాక. సాయంత్రమునకు అన్నగారి నడిమి వేలు కొంచెము నొప్పి పెట్టెను. ఆయన ఆ సంగతి ఎవరికిని చెప్పలేదు.