అంతరిక్ష రేవుకు టోకెను

నక్షత్రాల మధ్య వ్యాపారం చేయాలంటే మానవజాతికి ఓడ, ఇంధనం, ధైర్యం ఉంటే చాలదు, టోకెను కావాలి. సైన్సు ఇన్నాళ్లూ పట్టించుకోని ఈ సత్యాన్ని తిరుపతిలో, ఒక టిఫిను సెంటరు మేడమీదున్న వీడియో గేముల కంపెనీ కనిపెట్టింది.

వాళ్లు తయారుచేస్తున్న ఆటలో మనం ఓడ నిండా సరుకు ఎత్తుకుని గ్రహం నుంచి గ్రహానికి పోయి అమ్ముకోవాలి. ఆ ఓడలో కంప్యూటరు తెరలన్నీ గీసేది మోక్షిత. కొత్తగా చేరింది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆమె మొదట గీసిన తెర మీద సరుకు పేరు కొడితే ధర కనిపించేది, సరేనంటే అమ్ముడుపోయేది. యజమాని దయానంద్ అది చూసి నొచ్చుకున్నారు.

"ఇట్లా యాడన్నా జరుగుతాదా మోక్షితా? ఆడేవాడు నిజంగా ఓడలో కూర్చున్నట్టు నమ్మాల. పరీక్షలో ఒక్కడు నమ్మినా నీ ఉద్యోగం ఖాయం. లేదంటే వేరే చోటు సూసుకో."

ఆ ఆదివారం మోక్షిత క్యారియరు పట్టుకుని చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్లింది. వాళ్ల నాయన చెంగల్రాయుడు తోతాపురి కాయల ట్రాక్టరుతో గేటు బయట వరసలో ఉన్నారు. వరస మొదలు ఆయనకు కనబడదు, చివర ఎవరికీ కనబడదు. ఈ కాయ పాడైపోతే ఇంటికి మిగిలేది కూతురి జీతమే. ఆమె ట్రాక్టరు నీడలో కూర్చుని, చూసిందంతా తెరలకెక్కించింది. ఓడలో సరుకు కూడా మామిడికాయలే పెట్టింది.

కొత్త కంప్యూటరు అద్భుతం. ఓడ రేవు చేరగానే "టోకెను కౌంటరు మూసి ఉంది" అంటుంది. తెరిచాక, టోకెను కావాలంటే ఓడ రేవు లోపలుండాలి. లోపలికి రావాలంటే టోకెను ఉండాలి. ధర సరుకు దింపిన తర్వాతే చెబుతారు. వరసలో కుళ్లిన సరుకును ఓడ యజమాని సొంత ఖర్చుతో శూన్యంలో పారబోయాలి (శూన్యం పరిశుభ్రతకు రుసుము వేరు). ఫిర్యాదులుంటే అంతరిక్ష రేవు ఉప సహాయ టోకెను అధికారికి చెప్పుకోవచ్చు. ఆయన భోజనానికి వెళ్లారు (ఆయన గ్రహం మీద మధ్యాహ్నం చాలా పొడుగు).

ఆట ఆడి చూసే పరీక్షకు వచ్చిన ఇంజనీరింగు కుర్రాళ్లు కాసేపటికే లేచి టీకి పోయారు. "ఇంత అన్యాయం యాడా ఉండదబ్బా, నమ్మేట్టు లేదు" అన్నారు.

అప్పుడే చెంగల్రాయుడు మెట్లెక్కి వచ్చారు. కుళ్లిన లోడు రోడ్డు పక్కన పారబోసి, ఆ మాట కూతురికి ఫోనులో చెప్పడానికి నోరు రాక, మనిషే వచ్చారు. (ఇది రాస్తుంటే నాకూ కడుపు మండుతోంది, ఎవరికి చెప్పుకోవాలో పైన రాశాను.) సంగతి తెలియని దయానంద్, మనిషి దొరికాడు కదా అని, ఆయన్ని ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టి ఆట చూపించారు.

తెర మీద "రేపు రండి" అని పడింది. చెంగల్రాయుడు కోపపడలేదు, ఎందుకని అడగలేదు. భుజం మీది తువ్వాలు తీసి నేల మీద పరుచుకుని పడుకున్నారు.

"నమ్మేసినాడప్పా!" అని దయానంద్ చప్పట్లు కొట్టారు. మోక్షిత ఉద్యోగం అక్కడికక్కడే ఖాయమైంది. ఆమె ఏడ్చింది. సంతోషమని అందరూ అనుకున్నారు.

ఇంతలో ఓడలో కాయలన్నీ కుళ్లి, ఆట ముగిసి, తెర మీద "మళ్లీ మొదలుపెట్టు" అనే బటను వెలిగింది. కూతురు ఏడుస్తోందని లేచిన చెంగల్రాయుడు, ఆమె వద్దనేలోపే దాన్ని నొక్కారు. ఓడ నిండా మళ్లీ పచ్చి కాయలు, తొడిమెలతో సహా. ఆయన చాలాసేపు చూశారు.

"అమ్మా, ఈ బటను మన ఫ్యాక్టరీలో యాడ పెట్టినారమ్మా? నాకు ఎవురూ చెప్పలేదే."

దయానంద్ ఆలోచనలో పడ్డారు. పెద్దాయన అడిగింది సబబేనని, ఆ ఒక్క బటను వల్లే ఆట నమ్మశక్యంగా లేకుండా పోతోందని, సాయంత్రానికల్లా దాన్ని తీసేయించారు.