మా ఇంట్లో దుంపకే పాస్‌పోర్టు

పాఠకులారా, మా వంశంలో మొట్టమొదట పాస్‌పోర్టు సంపాదించింది ఎవరనుకుంటున్నారు? నేను మాత్రం కాదు. డిగ్రీ అయితే మొదట నాకే వచ్చింది కానీ, పాస్‌పోర్టు బంగాళాదుంపకు వచ్చింది!

నవ్వకండి. మా పిన్ని విత్తనపు దుంపలు పండిస్తుంది. అవి చేను దాటి బయటికి వెళ్లాలంటే బస్తాకొక చీటీ ఉండాలి. ఎక్కడ పుట్టింది, తల్లి దుంప ఏది, ఒంట్లో ఎలా ఉంది, అన్నీ అందులో ఉంటాయి. దాన్ని మొక్కల పాస్‌పోర్టు అంటారు. మా బాబాయిని నువ్వెప్పుడు పుట్టావయ్యా అని అడగండి. "ఆ ఏడు వానలు బాగా పడ్డాయట" అంటాడు. ఇద్దరిలో నాగరికులెవరో మీరే తేల్చుకోండి!

ఈ మధ్య ఎవరి నోట విన్నా ఒకటే గోల. దేశాలన్నీ కలిసి కూటమి కట్టాయట, ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని మన తిండికీ, బండికీ, వ్యాపారానికీ, చదువుకీ నిబంధనలు రాస్తున్నాయట, అది పెద్ద పీడ అయిపోయిందట. పీడా? ఎంత కృతఘ్నత! రాత్రి అంట్లు ఎవరు తోమాలో ఒక ఇంట్లో ఇద్దరు తేల్చుకోలేరు. అలాంటి మనుషులతో నిండిన బోలెడు దేశాలు, దుంప మీద మట్టి ఎంత ఉండవచ్చో ఏకగ్రీవంగా తేల్చాయి! ఇది వరం కాకపోతే ఏది వరం?

మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, కూటమి నుంచి ఏ కాగితం వచ్చినా చదివి వినిపించడం నా పని. అందుచేత నేను గాలివాటుగా మాట్లాడటం లేదు.

తిండి సంగతి చూడండి. మా వీధి బేకరీ ఆయన, ఏ రొట్టె తింటే ఎవరికి దద్దుర్లు రావచ్చో తెలియజేస్తూ బోర్డు పెట్టాడు. అది రొట్టెల అద్దాల బీరువా కన్నా పెద్దది. దాని వెనక రొట్టెలున్నాయని నమ్మకం మీద కొనుక్కుంటున్నాం. మనిషికి మనిషి మీద ఇంత నమ్మకం ఇదివరకెప్పుడైనా చూశామా?

రవాణా సంగతి ఇంకా గొప్పది. బాబాయి లారీ నడుపుతాడు. డ్రైవరు అలసిపోకూడదని బండిలో ఒక పెట్టె బిగించారు. నడిపే గంటలు అయిపోగానే అది కూస్తుంది. కూయగానే ఆపేయాలి. ఒకనాడు సరిగ్గా ఇంటి గుమ్మం కనబడుతుండగా కూసింది. లారీ రోడ్డు మీద, పిన్ని గుమ్మంలో.

"ఎదురుగా ఇల్లు పెట్టుకుని అక్కడ ఆగావేం?"

"పెట్టె కూసిందే. బండి కదలకూడదు."

"బండి కదలకపోతే నువ్వు కదిలి రా."

"సరుకు వదిలేసి రాకూడదట. అదింకో రూలు."

పిన్ని కంచం పట్టుకుని వెళ్లి లారీ ఎక్కింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మొగుడూ పెళ్లాలు పక్కపక్కన కూర్చుని తిన్నది ఆ రోజే! ఎంతమంది పెద్దలు నచ్చజెప్పినా జరగని పని ఒక్క కూతతో జరిగింది. ఇంకా పీడ అంటారా?

ఇక పరిశోధన. దుంపల తెగుళ్ల మీద మా వైపు నగరంలో ఒక ప్రయోగశాల, సరిహద్దు అవతలి పట్నంలో ఒక ప్రయోగశాల కలిసి పనిచేస్తున్నాయి. ఉమ్మడి పథకం, ఉమ్మడి నిధులు, ఏడాదికోసారి ఉమ్మడి ఫొటో. అన్నీ పంచుకుంటాయి, ఆకు ఒక్కటి తప్ప. ఆకు సరిహద్దు దాటకూడదు. దాటితే దాంతో పాటు తెగులు దాటుతుందని భయం. ఎంత ముందుచూపు!

ఆ ముందుచూపు ఎంత గొప్పదో మీకు తెలియాలంటే మా పిన్ని చేను సంగతి చెప్పాలి.

పిన్ని చేను చివర ఒక గట్టుంది. అదే సరిహద్దు. గట్టు అవతలి చేను బాబాయి అక్కది, అంటే మా మేనత్తది. మధ్యలో ఒక తెల్ల రాయి తప్ప ఇంకేమీ లేదు. మనిషి ఆ గట్టు దాటవచ్చు, మాట దాటవచ్చు. వదినా మరదళ్ల దెప్పిపొడుపులయితే పొద్దస్తమానం దాటుతూనే ఉంటాయి. మొక్క మాత్రం దాటకూడదు.

ఈసారి పంట సగానికి వచ్చేసరికి, పిన్ని చేలో గట్టు పక్క మూలన కొన్ని మొక్కలు వాలిపోయాయి. నేల తడిగానే ఉంది. ఆకులు పచ్చగానే ఉన్నాయి. తలలు మాత్రం వేలాడేశాయి. మొదట చూసింది అత్తే.

"ఏమే మరదలా, నీ మొక్కలు నన్ను చూసి తల దించుకుంటున్నాయేంటే? ఏం తప్పు చేశావ్?"

"మీ నీడ పడుంటుంది వదినా. కాస్త పక్కకి జరగండి."

అత్త పక్కకు జరిగింది. మర్నాడు ఇంకో వరస వాలింది. అప్పుడిద్దరికీ ఎకసెక్కాలు ఆగిపోయాయి. ఎందుకంటే పిన్ని చేలో పారిన నీళ్లు ఆ మూల నుంచే అత్త చేలోకి దిగుతాయి. ఏ రోగం ఉన్నా నీళ్లతో పాటు నడిచి వెళుతుంది. విత్తనపు దుంపలకు తెగులు తగిలిందంటే రెండిళ్లకూ ఆ ఏడు పంట లేదు. ఆ నేలలో మళ్లీ దుంప వేయడానికి ఎన్నేళ్లు ఆగాలో ఎవరూ చెప్పలేరు.

అత్త అవతలి ప్రయోగశాల నుంచి దుంపల డాక్టరమ్మను వెంటబెట్టుకొచ్చింది. ఆవిడ గట్టు అవతల నిలబడింది. మనిషి దాటవచ్చు కదా అంటారేమో! మనిషి దాటవచ్చు. తిరిగి వెళ్లేటప్పుడు ఆవిడ బూట్లకంటిన మట్టి దాటకూడదు. అందుకని అక్కడి నుంచే కేకేసింది.

"ఏమ్మా, ఒక గాజు గ్లాసులో మంచినీళ్లు తీసుకురండి. వాలిన మొక్క కాండం అడ్డంగా కోసి, కోసిన వైపు నీళ్లలో వేలాడదీయండి. కదపకండి."

పిన్ని అలాగే చేసింది. గ్లాసు ఎత్తి ఎండకు పట్టుకుంది. గట్టు అవతల ఇద్దరు, ఇవతల ఇద్దరం, ఊపిరి బిగబట్టి చూశాం. కాసేపటికి కాండం చివర నుంచి తెల్లగా, పాలదారంలాగా సన్నటి పోగు నీళ్లలోకి జారింది.

"తెగులే," అంది డాక్టరమ్మ. "ఆ మూల మొక్కలన్నీ వేళ్లతో సహా పీకి కాల్చేయండి. గుంటల్లో సున్నం చల్లండి. నీళ్లు అటు పోకుండా పక్కకు కాలువ తీయండి. మళ్లీ నీళ్లు వదిలేలోపు అయిపోవాలి."

చూశారా, ఎంత తేలిక! ఇలాంటి తేలిక పనుల నుంచి మనల్ని కాపాడటానికే నిబంధనలున్నాయి. పిన్ని తొందరపడి పార పట్టుకోబోతే, ధర్మం తెలిసినదాన్ని కాబట్టి, ముందు పాస్‌పోర్టు చీటీలిచ్చే తనిఖీ అధికారికి చెబుదామన్నాను. ఆయన వచ్చాడు.

"తెగులని ఎవరన్నారు?"

"డాక్టరమ్మ అన్నారు సార్."

"ఏ వైపు నిలబడి అన్నారు?"

"గట్టు అవతల."

"అయితే అది అవతలి తెగులు. ఇవతలి తెగులు మన ప్రయోగశాల చెప్పాలి. అంతవరకు ఒక్క మొక్కను ముట్టుకున్నా సాక్ష్యం చెరిపినట్టే. ఈ ఏడు పాస్‌పోర్టు చీటీలు రావు, చెబుతున్నా."

ఆయన వాలిన మొక్క ఒకటి చల్లటి పెట్టెలో పెట్టి, సీలు వేసి, నగరానికి వెళ్లే బండిలో పంపాడు. మా బాబాయి బండి కాదు, కూటమి ఆమోదం ఉన్న బండి. అయితే ఆ డ్రైవరు కూడా అలసిపోకూడదు కదా! దారిలో డ్రైవరు పక్కనున్న కూత పెట్టె కూసింది. బండి మండుటెండలో విశ్రాంతి తీసుకుంది. డ్రైవరు ఆరోగ్యంగా చేరాడు. మొక్క చేరలేదు.

జవాబొచ్చింది. నేనే చదివి వినిపించాను. "నమూనా కుళ్లిపోయినందున పరీక్షకు పనికిరాదు. కుళ్లని నమూనా పంపగలరు."

పిన్ని నా మొహంలోకి చూసింది. "కుళ్లకపోతే నేనెందుకు పంపుతానే?"

ఎంత చదివినా ఇలాంటి ప్రశ్నలకు జవాబు కాలేజీలో చెప్పరు. అధికారిని అడిగాం.

"సరే సార్, బాగున్న మొక్కే పంపుతాం. అప్పుడు తెగులు లేదని రాస్తారు కదా?"

"అప్పుడింక సమస్యే ఉండదు కదమ్మా!"

ఆలోచించి చూడండి పాఠకులారా! రోగాన్ని తగ్గించడానికి వైద్యులు తరతరాలుగా తంటాలు పడుతున్నారు. రోగం లేని రోగిని పంపించమంటే సరిపోతుందని ఎవరికీ తట్టలేదు!

అధికారి మాత్రం మంచివాడే. "వచ్చే వారం నేనే వచ్చి తాజా నమూనా తీసుకెళతాను" అని మాటిచ్చి వెళ్లాడు. కాలువకు నీళ్లు వదిలేది మర్నాడు. నీళ్లకు నమూనాల సంగతి తెలియదు, వారాల సంగతి తెలియదు. పల్లం కనబడితే పారడం ఒక్కటే తెలుసు. ఆ పూట పిన్ని గట్టు మీద కూర్చుంది. అవతల అత్త కూర్చుంది. పొరపాటున కూడా ఒకరినొకరు దెప్పుకోలేదు. అది చూసి నాకు నిజంగా భయమేసింది.

ఆ తర్వాత జరిగింది మీరు నమ్మరు. మిట్టమధ్యాహ్నం, అందరూ ఇంట్లో భోజనాల దగ్గరుండగా, ఆ మూలన అడవిపందులు పడ్డాయి! అందరూ అంటే నేనూ, బాబాయీ. పిన్ని ఎక్కడికెళ్లిందో మాకు తెలియదు. మేం అడగలేదు.

పందులంటే మామూలు పందులు కావవి. చేనంతా వదిలేసి వాలిన మొక్కలు, వాటి పక్క వరస మాత్రమే వేళ్లతో సహా పీకాయి. పీకినవి గోనెసంచుల్లో కుక్కాయి. చేను బయట కుప్ప వేసి కాల్చాయి. గుంటల్లో సున్నం చల్లాయి. పోతూ పోతూ, నీళ్లు అత్త చేలోకి దిగకుండా పక్కనున్న గుంతలోకి చక్కటి కాలువ తవ్వాయి. వరాహాలలో ఇంత క్రమశిక్షణ ఉంటుందని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు!

మర్నాడు నీళ్లొచ్చాయి. వచ్చి, పందులు చూపిన దారినే బుద్ధిగా పోయాయి.

వారం తర్వాత అధికారి వచ్చాడు. నేరుగా ఆ మూలకు వెళ్లాడు. వంగి నేలను చూశాడు.

"ఏమ్మా, పందులంటున్నారు. ఇవి చెప్పుల జాడల్లా ఉన్నాయే?"

"తెగులున్న చోట తిరిగేటప్పుడు కాళ్లకేదైనా తొడుక్కోవాలని మీరేగా రాశారు సార్!" అంది పిన్ని.

అధికారి దగ్గాడు. "రెండు రకాల జాడలున్నాయి. ఒకటి చిన్న పంది. ఒకటి బాగా పెద్ద పంది" అంటూ రాసుకున్నాడు.

గట్టు అవతల నుంచి అత్త అందుకుంది. "ఎవర్నయ్యా పెద్ద పంది అంటున్నావ్?"

"మిమ్మల్ని కాదమ్మా, మీరు అవతలి దేశం!"

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అధికారి పుస్తకం మూసి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించాడు. "సున్నం సరిపోయిందా?"

"పందులకు సరిపోయిందట సార్."

మిగిలిన చేలోంచి ఆయన తాజా నమూనా తీశాడు. ఈసారి అది క్షేమంగా చేరింది. తెగులు లేదని తేలింది. అత్త చేలోనూ లేదని అవతలి డాక్టరమ్మ చెప్పింది. నిబంధనల్లో అడవి జంతువుల నష్టానికి వేరే అధ్యాయం ఉందట. అందులో ఎవరి తప్పూ ఉండదట.

ఇప్పుడు వినండి అసలు శుభవార్త. కూటమి వాళ్ల వార్షిక నివేదికలో మా ప్రాంతం పేరు ఎక్కింది. "నిబంధనలను తు.చ. తప్పకుండా పాటించడం వల్ల సరిహద్దు చేలలో తెగులు వ్యాప్తి పూర్తిగా ఆగిపోయినది" అని ముద్రించారు. ఆ వాక్యం నేనే ఇంటిల్లిపాదికీ చదివి వినిపించాను. నిబంధనలు వరమని నేను మొత్తుకుంటే నమ్మారా?

ఆ నిబంధనలను సవరించడానికి కమిటీ త్వరలో మళ్లీ కూర్చుంటుందట. శాస్త్రవేత్తలుంటారు, రవాణా నిపుణులుంటారు, వ్యాపార ప్రతినిధులుంటారు. ఒక పౌరురాలిగా నాది ఒకే ఒక్క మనవి. ఆ బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీ ఉంచి, ఆ రెండు పందుల్లో ఒకదాన్నయినా కూర్చోబెట్టండి.

అచ్చుకు పంపేముందు ఇదంతా పిన్నికి చదివి వినిపించాను. ఆమె దుంపల మీద మట్టి దులుపుతూ విన్నది.

"పందులు అంత దూరం ఏం వస్తాయిలేవే, చేను ఎవరు చూస్తారు?" అంది. "ఆ కమిటీనే ఇక్కడికి రమ్మని రాయి. ఊరికే రమ్మనకు. రేపు నీళ్లు వదులుతారనగా, ముందు రోజు రమ్మను."