ఆఫీసరుగారు నాటించిన ఫెర్న్

"మట్టిలో వేళ్ళు లేని మొక్కా, సీట్లో మనిషి లేని ఆఫీసూ ఒకటే" అని ఆఫీసరుగారు ప్రకటించారు.

చుట్టూ ఉన్న తలలన్నీ ఊగాయి. హెడ్ గుమాస్తా తల మాత్రం సగం ఊగి ఆగింది. ఆ మాట పడింది అతని ఫెర్న్ మొక్క మీద మరి.

పెద్దాఫీసరు తనిఖీకి వస్తున్నారు. ఆయనకు అక్వేరియమంటే ప్రాణమట. అది విని ఆఫీసరుగారు వరండాలో నిలువెత్తు గాజుతొట్టె పెట్టించారు. మొక్కల భారం హెడ్ గుమాస్తా మీద పడింది. అతను ఇంట్లో నీటి ఫెర్న్ ఒకటి పెంచుతున్నాడు. పాత ఆకు కొసన మొలిచిన గోరంత పిలకను తీసి, చెక్కముక్కకు దారంతో కట్టి, నీళ్ళు మారుస్తూ, ఆకుల మీద నాచు తుడుస్తూ జానెడు పొదను చేశాడు. అతని భార్య దాన్ని "మా సవతి" అనేది. ఇప్పుడు ఆ సవతే ఆఫీసుకొచ్చింది.

"దొంగను కట్టేసినట్టు ఈ దారమేమిటయ్యా? విప్పి మట్టిలో నాటు" అన్నారు ఆఫీసరుగారు.

"ఈ జాతికి మట్టి పడదండి. అల్లం కొమ్ములాంటి ఈ కాండాన్ని పూడిస్తే కుళ్ళిపోతుంది."

"నీకు పడనిది మట్టా, నా మాటా?"

రెండింటిలో ఏది పడకపోతే కొంప మునుగుతుందో హెడ్ గుమాస్తాకు తెలుసు. "తమరు చెప్పాక తిరుగేముందండి" అంటూ తన చేతులతోనే దారం విప్పి, కాండాన్ని పూడ్చాడు. కన్నబిడ్డను నూతిలోకి తోసినట్టయింది.

తనిఖీ దగ్గరపడేసరికి కాండం నల్లబడి మెత్తబడింది. ఆకులు ఊడి నీళ్ళ మీద తేలాయి. ఆఫీసరుగారు చూసి, "బాగా విస్తరిస్తోందే" అని మెచ్చుకున్నారు.

ఇంటికెళ్ళి హెడ్ గుమాస్తా కళ్ళు తుడుచుకున్నాడు.

"మీ ఆఫీసులో ప్రాణమున్నది బతకదు. ప్రాణం లేనిది పెట్టండి" అంది భార్య.

మర్నాడు అతను ప్లాస్టిక్ ఫెర్న్ కొని, గుట్టుగా పాతదాని చోట పీకలదాకా మట్టిలో పాతాడు.

పెద్దాఫీసరు వచ్చారు. గాజుకు ముక్కు ఆనించి చాలాసేపు చూశారు.

"ఎంత పచ్చగా ఉందండీ. ఏమిటి రహస్యం?"

"నా పర్యవేక్షణలో మట్టిలో నాటించానండి. తెలియనివాళ్ళు చెక్కకు కడుతుంటారు" అన్నారు ఆఫీసరుగారు.

పెద్దాఫీసరు ముఖం ఒక్క క్షణం వాడి, మళ్ళీ వికసించింది. "నేను మొదట్నుంచీ చెబుతున్నదీ అదే. నాకో పిలక ఇప్పించండి."

హెడ్ గుమాస్తా ఓ రెమ్మ కత్తిరించి, తడిగుడ్డలో చుట్టి, రెండు చేతులతో సమర్పించాడు. ఆనాటినుంచి అతనికి అన్నం సయించలేదు. ఫోను మోగితే చాలు, ఉద్యోగం ఊడిందనుకునేవాడు.

ఆ ఫోను రానే వచ్చింది. ఆఫీసరుగారు ఎత్తి స్పీకరు పెట్టారు. అవతల పెద్దాఫీసరే.

"మీ ఫెర్న్ మట్టిలో నాటానండీ. చిగురేసింది. ఇక అన్ని ఆఫీసుల్లోనూ ఇలాగే నాటాలి. నేర్పడానికి మీ హెడ్ గుమాస్తాను పంపండి."

"విన్నావా? మట్టి పడదన్నావు" అన్నారు ఆఫీసరుగారు.

"పొరపాటైందండి" అన్నాడు హెడ్ గుమాస్తా. ప్లాస్టిక్కు చిగురేమిటో అతనికి అంతుబట్టలేదు. అయినా ఆజ్ఞ ఆజ్ఞే. నేరుగా మునుపటి దుకాణానికి వెళ్ళి, ఆ ప్లాస్టిక్ ఫెర్న్‌లు ఉన్నవన్నీ ఇమ్మన్నాడు.

"ఉన్న ఒక్కటీ ఇందాకే అమ్ముడైందండి. ఎవరో పెద్దాఫీసరట. చిన్న రెమ్మ చేతపట్టుకొచ్చి, ఇదే రకంలో నాలుగాకులు ఎక్కువున్నది కావాలన్నారు" అన్నాడు దుకాణదారు.