మామగారి ఆత్మకథకు అల్లుడి మార్కప్

ఆ ఆదివారం ఉదయం అల్లుడిగారి పథకం చాలా చిన్నది. అత్తవారింట్లో కాఫీ చల్లారేలోగా మామగారి ఆత్మకథను తన సాఫ్ట్‌వేర్‌లో పడేసి, వెబ్‌సైటులో పెట్టేసి, మళ్ళీ ముసుగుతన్ని పడుకోవడం. వర్డ్ ఫైలు ఇస్తే ఏది అధ్యాయమో, ఏది పేరానో తనే కనిపెట్టి మార్కప్ గుర్తులు తగిలించే సాఫ్ట్‌వేర్ అది. దాన్ని తయారుచేసింది తనేనని ఊరందరికీ చెప్పుకున్నాడు. అది ఇంతవరకు ఒక్క పుస్తకం మొహమైనా చూడలేదని మాత్రం చెప్పలేదు.

మామగారు రిటైరైన జడ్జి. ఉద్యోగంతోపాటే ఎదుటివాళ్ళ మాట వినడం కూడా మానేశారు.

"నా స్నేహితులంతా చదువుతారు. తేడా వచ్చిందో, ఊరుకోను."

"నిశ్చింతగా ఉండండి మామయ్యగారూ! మనిషి చెయ్యి పడితేనే తప్పులొచ్చేది," అంటూ అల్లుడు బటన్ నొక్కాడు.

విషయసూచిక వచ్చింది. మొదటి అధ్యాయం 'నేను'. రెండోది 'నేను'. ఎంత కిందికి జరిపినా 'నేను'. మామగారు ఆ మాట రాసిన ప్రతిచోటా లావు అక్షరాలు పెట్టారు. లావు అక్షరాలు కనిపిస్తే అధ్యాయం అనుకోమని అల్లుడు సాఫ్ట్‌వేర్‌కు నేర్పాడు. ఇద్దరు మేధావులు ఒకే ఫైలులో కలుసుకున్నారు.

"నాన్ననడిగి ఆ బోల్డ్ తీసేస్తే పోలా?" అంది భార్య.

"అడిగితే నాకు చేతకాలేదనుకోరూ!" అని కసిరి, ఒకే పేరున్న అధ్యాయాలన్నీ కలిపెయ్యమని ఆజ్ఞ ఇచ్చాడు. సాఫ్ట్‌వేర్ కలిపింది. 'నేను' లేని వాక్యాలను ఎక్కడ పెట్టాలో తోచక ఫుట్‌నోట్లలోకి నెట్టింది. అత్తగారు, పిల్లలు, ఇరుగుపొరుగు అందరూ పేజీ అడుగుకు జారిపోయారు. దాన్ని వెనక్కి తిప్పబోయి, కంగారులో 'ప్రచురించు' నొక్కాడు. ముందే ఎక్కించి ఉంచిన మామగారి స్నేహితుల నంబర్లన్నిటికీ లింకు వెళ్ళిపోయింది.

మామగారు చదవడం మొదలుపెట్టారు. అల్లుడు చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"అద్భుతం!" మామగారు కళ్ళు తుడుచుకున్నారు. "నన్ను అర్థం చేసుకున్నవాడివి నువ్వొక్కడివే నాయనా. అనవసరమైనదంతా కిందికి తోసేశావు!"

"పెళ్ళైనప్పట్నుంచీ నన్ను పెట్టింది అక్కడేగా," అన్నారు అత్తగారు వంటింట్లోంచి.

సాయంత్రం ఫోన్లు మొదలయ్యాయి. "ఆ ఫుట్‌నోట్లు భలే ఉన్నాయయ్యా! నువ్వు అలిగి అటకెక్కితే మీ ఆవిడ నిచ్చెన తీసేసిందటగా? ఏదీ, ఓసారి ఫోన్ ఆవిడకివ్వు!" ఫుట్‌నోట్లకు పైన ఏముందో ఒక్కరూ అడగలేదు. మామగారు మొహం మాడ్చుకుని ప్రతిసారీ ఫోన్ వంటింట్లోకి మోశారు.

అల్లుడు తన సాఫ్ట్‌వేర్ ప్రకటనలో ఒక వాక్యం చేర్చాడు: 'పాఠకులకు కావలసింది ఏదో తనే ఏరి పెడుతుంది.'