కాబోయే సర్పంచి కారు

ఆ రోజు పొద్దున ఎర్రగుట్టపల్లి సతీశ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం రెండున్నరకు ఇంటి నుంచి బయలుదేరాలి. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ నామినేషన్లు తీసుకునే పెద్దబావి ఆఫీసుకు మూడింటికల్లా చేరి సర్పంచి పదవికి కాగితాలివ్వాలి. పొద్దు గూకేలోగా డప్పులతో ఊళ్లోకి తిరిగి రావాలి. అది నామినేషన్లకు ఆఖరి రోజు. సాయంత్రం ఐదు దాటితే గేటు మూసేస్తారు. పొద్దున్నే పోయి ఇచ్చేయొచ్చు కదా అనిపిస్తుంది ఎవరికైనా. కానీ కొల్లాపూర్ పంతులు మూడు దాటాకే మంచి ఘడియ ఉందన్నాడు. సొంత బుర్ర మీద నమ్మకం లేనివాడికి పంచాంగం మీద నమ్మకం జాస్తి.

ఈ చిన్న పథకంలో పెద్ద వస్తువు కారు. సతీశ్ భూములు అమ్మించి పెట్టే వ్యాపారి. కాలువ నీళ్లొచ్చి భూముల ధరలు పెరిగాక నాలుగు డబ్బులు చేరాయి. చేరగానే హైదరాబాద్ పోయి, ఎవరో వాడి వదిలేసిన విదేశీ స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాడు. పసుపు రంగు, రెండే తలుపులు, రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తు కూడా లేదు. అమ్మినవాడు దాన్ని ఒక డాక్టరు ఆదివారాలు మాత్రమే నడిపాడని చెప్పాడు. డాక్టరంతటివాడు వారానికొకసారి మాత్రమే ఎందుకు బయటికి తీశాడో సతీశ్ ఆలోచించలేదు. "షోకు కోసం కాదు, రోజూ తిరగనీకె కొన్న" అని ఊరంతా చెప్పుకున్నాడు.

రోజూ తిరగడానికి కొన్న కారు కోసం బర్రెను కొట్టంలోంచి తీసి ఎండలో కట్టేశారు. దాని జాగాలో కారును పెట్టారు. బర్రె రెండు పూటలా పాలిచ్చేది. కారు రెండు పూటలా చప్పుడు చేసేది. యూరియా బస్తా అందులో పట్టదు కాబట్టి బస్తాలు పాత మోటార్ సైకిల్ మీదే వచ్చేవి. పాలక్యాను మాత్రం పక్క సీట్లో బెల్టు పెట్టుకుని దర్జాగా పాలకేంద్రానికి పోయేది.

"ఆటోల పోరాదు? కాగితాలిచ్చి వచ్చేటానికి గింత ఆగమెందుకు?" అంది భార్య కరుణ.

"సర్పంచి కాబోయేటోడు ఆటోల దిగితే ఇజ్జత్ ఉంటదా?"

"ఇంకా కాలే గద."

"ఐతున్న గద."

కరుణ కూడా ఆ రోజు నామినేషన్ వేయాలి. అది పోటీ చేయడానికి కాదు. మొగుడి కాగితాల్లో ఏదన్నా లోపం దొరికి కొట్టేస్తే ఇంట్లో ఇంకొకరు మిగిలి ఉండాలని పల్లెల్లో పెళ్లాం చేతనో తమ్ముడి చేతనో ఇంకో నామినేషన్ వేయించడం మామూలే. అసలు అభ్యర్థి కాగితాలు పాసవగానే ఉత్తుత్తి నామినేషన్ వెనక్కి తీసుకుంటారు. అయితే కారులో ఉన్నవి రెండే సీట్లు. ఒకటి సతీశ్‌ది, రెండోది అతని పేరు ప్రతిపాదిస్తూ సంతకం పెట్టాల్సిన గాలయ్యది. ఇంటికి సర్పంచి పదవిని తేబోయే కారులో ఇంటి ఇల్లాలికి చోటు లేదు.

"నువ్వు నాగులమ్మను తీస్కొని ఆటోల రా. నీదేం తొందర లేదు, వేసినా వేయకున్నా ఒకటే" అన్నాడు సతీశ్. నాగులమ్మ పక్కింటామె, మహిళా సంఘం లీడరు, కరుణ పేరును ప్రతిపాదించే మనిషి. కరుణ తన కాగితాలు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, బర్రెకు కుడితి పెట్టడానికి పోయింది.

గాలయ్య ఆరడుగుల మనిషి. వాడకట్టులో ఆయన చెయ్యి ఎటు చూపిస్తే ఓట్లు అటు పోతాయి. అంతటి మనిషి ముందు తలకాయ దూర్చి, తర్వాత ఒక కాలు పెట్టి, రెండో కాలును చేతుల్తో ఎత్తి లోపల వేసుకున్నాడు.

"గిదేంది అల్లుడా, కుర్సీ లేదా? కిందనే కూసోవాల్నా?"

"గది గట్లనే ఉంటది మామా. ఖరీదైన బండ్లన్నీ గంతే."

ఎర్రగుట్టపల్లిలో స్పీడ్ బ్రేకర్లకు సర్కారుతో పని లేదు. ఎవరింటి ముందు పిల్లలు ఆడుకుంటే వాళ్లే ఒక తట్టెడు కాంక్రీటు పోసుకుంటారు. మొదటి దాని దగ్గరే కారు పొట్ట గీరుకుని కర్రుమంది. బరువు తగ్గితే దాటుతుందని సతీశ్ గాలయ్యను దిగమన్నాడు. దాటాక ఎక్కమన్నాడు. రెండోదాని దగ్గర మళ్లీ దిగమన్నాడు. అరుగుల మీది జనం పనులు మానుకుని చూడసాగారు.

"ఏం గాలన్నా, కండక్టర్ నౌకరి దొరికిందా?" అని ఎవరో అడిగారు.

మూడోసారి దిగిన గాలయ్య మళ్లీ ఎక్కలేదు. ఊరు దాటేదాకా నడిచే వస్తానన్నాడు. నాలుగు వందల గుర్రాల బలం ఉందని కొన్న కారు, మోకాళ్ల నొప్పుల ముసలాయన వెనకాల, ఆయన కంటే నెమ్మదిగా ఊరు దాటింది.

ఊరు దాటాక రోడ్డు రోడ్డులా లేదు. కోతల కాలం కావడంతో అది సగం మేర కల్లంగా మారింది. తారు మీద వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేర్చారు. ముందుగా బక్కయ్య సన్న వడ్లు, వాటిని ఆనుకుని లింగయ్య దొడ్డు వడ్లు. సన్న వడ్లకు సర్కారు బోనస్ ఉంది. అందులో దొడ్డు గింజ కలిసిందంటే కొనుగోలు కేంద్రంలో బోనస్ మాట ఎత్తనివ్వరు. అందుకే బక్కయ్య రాత్రీ పగలూ ఆ కుప్పకు కాపలా ఉంటున్నాడు.

సతీశ్ కారు బక్కయ్య వడ్లను దాటి లింగయ్య వడ్ల పక్కకు వచ్చేసరికి ఎదురుగా వరికోత మిషన్ వచ్చింది. మిగిలిన సగం రోడ్డు దానికే చాలదు. కారును వెనక్కి పోనిస్తే సరిపోయేది. కానీ సర్పంచి కాబోయేవాడు వెనక్కి ఎలా పోతాడు? అంచు రాళ్ల సందులోంచి కారును లింగయ్య వడ్ల మీదికి ఎక్కించాడు. పొట్ట వడ్లలో కూరుకుంది. కారు ఆగింది. సతీశ్‌కు కోపమొచ్చి యాక్సిలేటర్‌ను ఆఖరుదాకా తొక్కాడు.

ఆ కారు బలం ఎంతో ఊరికి తెలిసింది అప్పుడే. వెనక చక్రాలు గిర్రున తిరిగి లింగయ్య దొడ్డు వడ్లను తూర్పారబట్టినట్టు ఎగజిమ్మాయి. అవి పోయి పోయి బక్కయ్య సన్న వడ్ల మీద పడ్డాయి.

"ఏం పని చేసినవ్ సతీశ్?" బక్కయ్య కారు ముందుకొచ్చి కూర్చున్నాడు. "ఇగ నాకు బోనస్ ఎవడిస్తడు?"

"నీ బోనస్ ముచ్చట తర్వాత" అన్నాడు లింగయ్య. "నీ కుప్పల పడ్డ వడ్లు నాయి. నాకు లెక్క కావాలె."

"నీ వడ్లు నేనేం చేసుకుంట? ఏరుకొని పో."

సతీశ్ హుందాగా దిగి, జేబులోంచి పర్సు తీసి, "నీ నష్టం నేనిస్త, లొల్లి పెట్టకు" అని బక్కయ్య వైపు నోట్లు చాపాడు. వరికోత మిషన్ డ్రైవరు ఎత్తైన సీటు మీద కూర్చుని తీరుబడిగా ఫోన్‌లో అంతా తీస్తున్నాడు.

"అన్నా, ఎలక్షన్ కోడ్ నడుస్తున్నది" అన్నాడు అతను. "నామినేషన్ నాడు నడిరోడ్డు మీద ఓటరుకు పైసలిస్తున్నవ్. మంచిగ వస్తున్నది వీడియో."

నోట్లు ఎంత వేగంగా బయటికొచ్చాయో అంతకంటే వేగంగా పర్సులోకి పోయాయి. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అన్నారు. ఇతను తొక్కనూ తొక్కాడు, కడుక్కోనూ లేకపోయాడు. చాపిన చెయ్యి వెనక్కి తీసుకోవడంతో బక్కయ్యకు కొత్త అనుమానం పుట్టింది. తాను పోటీలో ఉన్న పాత సర్పంచి గుర్వయ్య వైపు మనిషినని, అందుకే సతీశ్ కావాలని తన వడ్లు చెడగొట్టాడని అన్నాడు. లింగయ్య బాధ ఇంకోటి. మొదటి నుంచీ సతీశ్ మనిషైన తనకు నోటు చూపించనైనా లేదని, పగవాడికి మాత్రం చూపించాడని. ఇద్దరూ తమ ఇంటి ఓట్లు సతీశ్‌కు పడవని అక్కడికక్కడే ఒట్టేశారు. ఆ రోజు వాళ్లిద్దరూ ఒప్పుకున్న మాట అదొక్కటే.

ఈ పంచాయతీ నడుస్తుండగానే వెనక నుంచి ఆటో వచ్చింది. అందులో కరుణ, నాగులమ్మ, ఇంకో ఆరుగురు, ఒక కోడిపుంజు. కరుణ తల బయటికి పెట్టి చూసింది.

"రా, ఎక్కు. ఇంకా టైముంది. బండి ఈడనే ఉండనియ్యి."

సతీశ్‌కు ఒక్క క్షణం ఎక్కాలనే అనిపించింది. నిజానికి లోలోపల భయంగానే ఉంది. పదేళ్లుగా ఊళ్లో 'సర్పంచి సాబ్' అనిపించుకోవాలని కలలు కంటున్న మనిషి. కానీ ఆటోలో ఆ కోడిపుంజు పక్కన కూర్చుని పెద్దబావిలో దిగడం కళ్లముందు మెదిలింది. పైగా కారును వదిలిపోతే ఎవరు గీతలు గీస్తారోనని బెంగ.

"నువ్వు నడువు. నీ ఎనకనే వస్త" అన్నాడు.

గాలయ్య మాత్రం కారు దిగి ఆటో డ్రైవరు పక్కన సర్దుకుని కూర్చున్నాడు. "సంతకం ఆడనే పెడ్త అల్లుడా. నా మోకాళ్లు నాకు కావాలె."

వరికోత మిషన్ పొలంలోకి దిగి దారిచ్చాక ఆటో పోయింది. సతీశ్ ఇంకో గంటసేపు కారుతో కుస్తీ పట్టాడు. రాళ్లు పెట్టాడు, గోనెసంచులు పరిచాడు, తొక్కాడు, తిట్టాడు. నాలుగు దాటాక బుద్ధొచ్చి, ఎవరి మోటార్ సైకిల్ మీదైనా పోదామని నామినేషన్ కాగితాల కోసం కారు ముందు మూత ఎత్తాడు. ఆ కారుకు సామాన్ల అర ముందుంటుంది. ఇంజన్ వెనకుంటుంది. సరిగ్గా అప్పుడే కారు కింద ఇరుక్కున్న గడ్డి వేడికి అంటుకుని పొగ లేచింది.

పగ ఎంతున్నా వడ్ల పక్కన పొగ లేస్తే రైతు ఊరుకోడు. లింగయ్య నీళ్ల బిందె ఎత్తుకుని పరుగెత్తుకొచ్చాడు. మూత తెరిచి ఉంది. బిందె మొత్తం అందులో గుమ్మరించాడు.

"ఇంజన్ల పోసిన, ఫికర్ లేదు" అన్నాడు ఆయాసపడుతూ.

"అది ఇంజన్ కాదు మామా" అన్నాడు సతీశ్. "నా నామినేషన్ కాగితాలు."

"మరి ఇంజన్ ఏది?"

"ఎనక."

"ఎనక ఇంజన్ ఎవడు పెడ్తడు?"

ఈలోగా బక్కయ్య ఇంకో బిందె తెచ్చి వెనక గుమ్మరించాడు. పొగ ఆగింది. దాంతో పాటు ఇంజన్ కూడా ఆగింది, ఎప్పటికీ.

తడిసిన కాగితాలు చేత్తో గాలికి ఆరబెట్టుకుంటూ, సంతకాల సిరా మోచేతి దాకా కారుతుంటే, సతీశ్ ఎవరో పిల్లాడి మోటార్ సైకిల్ వెనక కూర్చుని పెద్దబావి చేరేసరికి ఆఫీసు గేటుకు తాళం పడింది.

"టైమైపోయింది" అన్నాడు కానిస్టేబుల్.

"నేను అభ్యర్థిని."

"కాగితాలేవి?"

సతీశ్ నీలం రంగు ముద్ద చూపించాడు. కానిస్టేబుల్ దాన్ని చూసి, చెత్త రోడ్డు మీద వేయొద్దన్నాడు.

అప్పుడే పక్క తలుపులోంచి కరుణ, ఆఖరి రోజు వరుస తెమిలి, రశీదు పట్టుకుని బయటికొచ్చింది. సతీశ్ పొద్దున మాట్లాడిపెట్టుకున్న డప్పులవాళ్లు అభ్యర్థి ఎప్పుడొస్తాడా అని మధ్యాహ్నం నుంచీ చెట్టు కింద కూర్చునున్నారు. వాళ్లకు మొగుడెవరో పెళ్లామెవరో పట్టింపు లేదు. రశీదు కనిపించగానే లేచి దంచారు. నాగులమ్మ కరుణ మెడలో దండ వేసింది. ఆ దండ కూడా సతీశ్ కొన్నదే.

నామినేషన్ వెనక్కి తీసుకునే మాట ఇక లేదు. నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినని సతీశ్, ఐదో రోజు తనను తాను సముదాయించుకున్నాడు. "పేరు నీదైతేంది, పెత్తనం నాదే గద. ఏ ఊళ్ల జూసినా గంతే" అన్నాడు. "ముందు గెలవనియ్యి" అంది కరుణ.

ఆమె గెలిచింది. గుర్వయ్య ఆర్నెల్లుగా కూడబెట్టిన తిట్లన్నీ సతీశ్ భూముల దందా మీదివే. వాటిలో ఒక్కటి కూడా కరుణకు అతకలేదు. బక్కయ్య, లింగయ్య సతీశ్‌కు ఓటు వేయబోమని వేసుకున్న ఒట్టును నిలబెట్టుకుని, ఇంటిల్లిపాదీ కరుణకు గుద్దారు.

ప్రమాణ స్వీకారమైన మర్నాడు సతీశ్ ఇస్త్రీ చేసిన తెల్ల బట్టలేసుకుని పంచాయతీ ఆఫీసుకు పోయాడు. సర్పంచి పక్క కుర్చీ లాక్కుని కూర్చోబోయాడు.

"గా కుర్సీ ఉపసర్పంచిది" అంది కరుణ, తలెత్తకుండా. "పనున్నోళ్లు బెంచి మీద కూసోవాలె."

సతీశ్ ఏదో నవ్వాలని చూసి, చుట్టూ ఎవరూ నవ్వకపోవడంతో బెంచి మీద కూర్చున్నాడు. కొత్త సర్పంచికి వచ్చిన మొదటి అర్జీని కార్యదర్శి చదివాడు. బక్కయ్య, లింగయ్య కలిసి పెట్టింది. పెద్దబావి రోడ్డు మీద పాడైన కారొకటి నెల రోజులుగా అడ్డంగా ఉందని, ట్రాక్టర్లు పొలాల్లోకి మళ్లడం లేదని, దాని యజమాని చేత తీయించాలని. విడిభాగం విదేశం నుంచి రావాలని, వచ్చేదాకా కదిలించొద్దని మెకానిక్ చెప్పిన మాటను సతీశ్ కార్యదర్శికి వినిపించాడు.

కరుణ నోటీసు మీద సంతకం చేసి, బెంచి మీది మనిషికి ఇవ్వమంది.

"గింత దానికి నోటీసా? ఇంట్ల ఒక మాట చెప్తే అయిపోయేది గద" అన్నాడు సతీశ్, గొంతు తగ్గించి.

"ఇంట్ల నెల సంది చెప్తనే ఉన్న" అంది కరుణ.

సతీశ్ పదిహేను రోజుల గడువు అడిగాడు. సర్పంచి వారం ఇచ్చింది.