పంకా ప్రక్షాళన పత్ర విజయము

మోనోరైలు గర్జనకు కిటికీలు వణకెడి కౌలాలంపూరు బ్రిక్‌ఫీల్డ్స్ నగరభాగమున, పదకొండవ అంతస్తున, బంధుమిత్రులకెల్ల తలుపులు తెరచి విందుపెట్టు దీపావళి ఓపెన్ హౌస్ రేపనగా, నలభైమందికి సరిపడ మురుకులు వేయించి, చెమటోడ్చి, కొంగు బిగించిన ధీరవనిత లోగేశ్వరి తలయెత్తి చూచి నిశ్చేష్టురాలాయెను. ఏడాది ధూళిని మూడు రెక్కలపై మోయుచు, హాలు నడుమ, ముసలి గరుత్మంతునివలె వ్రేలాడుచుండెను సీలింగు ఫ్యాను! పోయినేడు అట్టి ధూళియే పక్కింటి సుమిత పళ్ళెములోని కేసరిపై పుష్పవృష్టియై కురిసిన పరాభవము ఆమె గుండెలో నేటికిని రగులుచుండెను.

"ఏటండీ, ఫ్యాను తుడుస్తానని ఒప్పుకున్నారా, లేదా?"

సోఫాసింహాసనాధిష్ఠితుడు, రిమోటుగదాధరుడునగు పతి పకీరిసామి చిరునవ్వు నవ్వెను. "ఒప్పుకున్నాను. ఏ రోజన్నది తరవాత ఇద్దరం ఒప్పుకుందామన్నాను. నంతి లా!" అని, వాయిదాలన్నిటికి తల్లియగు ఆ 'తరువాత' యను మలయ్ మాటను అస్త్రముగా సంధించెను.

న్యాయశాస్త్రము చదువు కూతురు తర్షిణి మురుకు నములుచు తీర్పు చెప్పెను. "అమ్మా, నాన్నే గెలిసినాడు. తరవాత ఒప్పుకుందామని ఒప్పుకుంటే ఇంగ్లీషు చట్టంలో అది కాంట్రాక్టే కాదు. మీ బదులు కోర్టు రోజు పెట్టదు. రోజెవరు పెట్టాలో రాసుకోండి, అప్పుడు నిలబడతాది. అయినా మొగుడూ పెళ్ళాల ఫ్యాను కోర్టు ముట్టుకోదులే."

"కోర్టెందుకే? మీ నాన్నోళ్ళు మూడు తరాలు తోట కిరాణీలు, రబ్బరు తోటల్లో లెక్కలు రాసిన గుమాస్తాలు. సంతకం పెట్టిన కాయితాన్ని దేవుడిలా సూస్తారు."

ఇట్లు పలికి, క్యాలెండరు పుట చించి, "ఫ్యాను తుడుచు దినమును అత్తగారు రాసమ్మ నిర్ణయించును" అని లిఖించి యందించెను. కన్నతల్లి కొడుకును నిచ్చెన యెక్కించునా యని లోలోన మురిసి, పకీరిసామి తాతలనాటి ఠీవితో చేవ్రాలు చేసి, క్రింద తేదీ కూడ వేసెను.

అంతట లోగేశ్వరి వెనుకగదిలోని అత్తగారిని సగౌరవముగా తోడ్కొని వచ్చి, సరిగ్గా ఫ్యాను క్రింద కూర్చుండబెట్టి, పొగలుగ్రక్కు టీ చేతికిచ్చి, రెగ్యులేటరు ఐదుకు త్రిప్పెను.

టప్పున రాలెను ధూళిపిండము, టీలో!

"ఒరే పకీరీ! ఏట్రా ఇది? ఇల్లా, ఎలకల కన్నమా? ఇప్పుడే తుడు!"

"నంతి లా అమ్మా..."

లోగేశ్వరి చేతికందించిన పత్రమును రాసమ్మ ఎత్తి చూపెను. "సంతకం ఎవుడిదిరా?"

కిరాణీ వంశము తల వంచెను. ఫ్యాను ఆగెను, నిచ్చెన లేచెను, తడిగుడ్డ ఝళిపింపబడెను. ఒక రెక్క ముగియునంతలో కొడుకు చెమట చూచి రాసమ్మ గుండె కరిగెను. "సాల్లేరా, పడిపోతావు. దిగు."

దిగుచు పకీరిసామి హూంకరించెను: "ఎన్ని రెక్కలో కాయితంలో లేదు!"

తర్షిణి, చట్టప్రకారము, తలయూపెను.

అయిననేమి! మూడింట ఒక రెక్క ముత్యమువలె మెరిసెను. ధీరవనిత లోగేశ్వరి కుర్చీని జరిపి జరిపి, దాని క్రిందనే నిలిపి, దశదిశలు మారుమ్రోగ జయము చాటెను:

"రేపు సుమిత ఇక్కడే కూకుంటాది. ఫ్యాను మాత్రం ఎవరూ ఎయ్యకండి!"