ముప్ఫై ఏడు కడుపునొప్పులూ ఒక సెలవు ప్రకటనా

“చూస్తూ ఉండండి. వాగు పొంగుతుంది, వంతెన కొట్టుకుపోతుంది, నా పిల్ల అవతల బడిలో ఉండిపోతుంది” అంది కసిల్దా, చాప మీద ఎండుచేపల్ని తిరగేస్తూ.

అది సోమవారం. సమార్ దీవి తీరమంతా ఎండ పెళపెళలాడుతోంది. ఆకు కదలడం లేదు.

కసిల్దాను అక్కా అన్నట్టు ‘మానా’ అని పిలిచే పక్కింటి విసితా పకపకా నవ్వింది. “కిందటేడూ ఇలాగే అన్నావు, మానా కసిల్దా. నీ మాట నమ్మి బట్టలన్నీ ఇంట్లో ఆరేశాను. చినుకు పడలేదు కానీ బట్టలు మాత్రం ముక్కవాసన కొట్టాయి.”

“నేనన్నది తప్పయితే నాకంటే సంతోషించేవాళ్లు లేరే.”

“నిన్ను సంతోషపెట్టడం తుఫానుల తరం కూడా కాదులే.”

మంగళవారం సముద్రంలో ఎక్కడో వాయుగుండం పుట్టింది. బుధవారం అది తుఫానైంది. ‘పురిటా’ అని నామకరణం కూడా జరిగింది. ఊళ్లో ఆ పేరుగల ఆడవాళ్లిద్దరూ ఆనాటి నుంచి గుమ్మం దాటలేదు. దాటితే, “తీరం ఎప్పుడు దాటుతున్నావమ్మా?” అని అడిగేవాళ్లే అందరూ.

సముద్రంలో తుఫాను బలపడుతుంటే మునిసిపల్ కార్యాలయంలో బళ్ల సెలవు ప్రకటన కూడా దీటుగా బలపడసాగింది. సెలవివ్వడమంటే ఒక ముక్క రాసి పడేయడం కాదని పాఠకులకు తెలియనిది కాదు. పైన మేయరు గారి ఫొటో ఉండాలి. కింద చమత్కారం ఉండాలి. అది ఫేస్‌బుక్కులో వెలగాలి. కిందటి తుఫానుకు పక్క పట్నం మేయరు సెలవిస్తూ రాసిన చమత్కారానికి పదకొండు వేల లైకులు వచ్చాయి. ఆ పరాభవాన్ని మరిచిపోయే మనిషి కాదు మన మేయరు లియాంద్రో గారు. ఏడుగురు సభ్యులతో ఆయన వేసిన చమత్కార ఉపసంఘం రోజంతా శ్రమించి, “వానలో తడవకండి, నా ప్రేమలో తడవండి” అనే వాక్యం దాకా చేరుకుంది. మేయరు గారి భార్య అభ్యంతరం తెలపడంతో మళ్లీ మొదటికి వచ్చింది.

ఇక ఫొటో సంగతి. ఎండలో రెయిన్‌కోటు తొడుక్కుని నిలబడితే జనం నమ్మరు. కాబట్టి వాన పడ్డాకే ఫొటో, ఫొటో తీశాకే సెలవు అని తీర్మానించారు. తొందరపడని పాలన అంటే అదీ.

గురువారం తెల్లవారేసరికి ఆకాశం నల్లగా కిందికి దిగివచ్చింది. కసిల్దా కూతుర్ని బడికి పంపనంది. మూడో తరగతి చదివే దుల్సే అమ్మను పట్టుకుని ఏడుపు లంకించుకుంది. “సెలవివ్వలేదు నాయ్! ఒక్క రోజు మానినా పూర్తి హాజరు రిబ్బను ఆ రోవెనాకి ఇచ్చేస్తారు!” రిబ్బను ముందు తుఫాను ఏపాటిది? దుల్సే వెళ్లింది.

ఎనిమిదింటికి వాగు రంగు మారింది. కసిల్దా చేపలు వదిలేసి పరుగెత్తింది. కొబ్బరి దుంగల వంతెనను అప్పటికే నీళ్లు తాకుతున్నాయి.

“పిల్లల్ని పంపేయండి, మేడమ్” అంది, వంతెన దాటి బడిలోకి వచ్చి రొప్పుతూ.

“ప్రకటన రాలేదమ్మా” అంది హెడ్‌మిస్ట్రెస్. “ప్రకటన లేకుండా తుఫానును గుర్తించే అధికారం నాకు లేదు. ఒంట్లో బాగాలేని పిల్లల్నయితే పంపొచ్చు.”

“మా పిల్లకు కడుపునొప్పి.”

హెడ్‌మిస్ట్రెస్ కిటికీలోంచి వాగును చూసింది. కాసేపు చూసి, రిజిస్టరు తెరిచింది. “మరి మిగతా పిల్లలకి?”

“అందరికీ, మేడమ్. ఊరంతా తినేది ఒకే కొట్టు నూడిల్స్ కదా.”

ముప్ఫై ఏడు కడుపునొప్పులు నిబంధనల ప్రకారం నమోదయ్యాయి. ఆఖర్న ఇద్దరు టీచర్లకూ హెడ్‌మిస్ట్రెస్‌కూ కూడా నొప్పి మొదలైంది. వంతెన పొడుగునా తాడు కట్టి, విసితా పిల్లలిద్దరితో సహా ఒక్కొక్కర్నీ కసిల్దాయే చెయ్యి పట్టుకుని దాటించింది. “పడిపోతాం, అందరం పడిపోతాం” అంటూ దారిపొడుగునా వాళ్లకు ధైర్యం చెబుతూనే ఉంది. ఎవరూ పడలేదు.

పదింటికి వంతెన పోయింది.

పదకొండింటికి సెలవు ప్రకటన వెలువడింది. ఫొటోలో రెయిన్‌కోటు నిగనిగలాడింది. పదమూడు వేల లైకులు వచ్చాయి. వాటిలో కసిల్దాది ఒకటి. కొట్టకపోతే ఏం ముంచుకొస్తుందోనని కొట్టింది.

శనివారానికి వాన తెరిపిచ్చింది. కప్పు ఉన్న బాస్కెట్‌బాల్ కోర్టులో ఊరంతా చేరింది. మేయరు గారి బొమ్మ వేసిన బియ్యం సంచులు ఆయన వెనకాలే గుట్టగా ఉన్నాయి.

“నా సకాల ప్రకటన ముప్ఫై ఏడుగురు చిన్నారులను వాగు దాటించింది!” అన్నారు మేయరు గారు గద్గదస్వరంతో. “ఈ ఘనత నాది కాదు. నా నాయకత్వానిది!” చప్పట్లు మారుమోగాయి.

కసిల్దా లేచి నిలబడింది.

“సముద్రంలో ఇంకోటి పుట్టిందంటున్నారు, మేయరు గారూ. ఈసారైనా సెలవు ముందుగా ఇవ్వండి. మొన్న వంతెన పదింటికి పోయింది, మీ ప్రకటన పదకొండింటికి వచ్చింది.” అని జనం వైపు తిరిగింది. “మీరే చెప్పండి. మన పిల్లల్ని ఎవరు దాటించారు?”

మేయరు గారు మైకును తట్టి చూసుకున్నారు. హెడ్‌మిస్ట్రెస్ చెప్పుల బురద తుడుచుకుంది. తల్లులంతా ఎవరి పిల్లల్ని వాళ్లు ఒళ్లోకి లాక్కుని నేల చూపులు చూశారు.

చివరికి విసితా గొంతు సవరించుకుంది.

“మేయరు గారే దాటించారు” అంది గట్టిగా. తర్వాత కసిల్దా గౌను కొస పట్టి లాగింది. “కూర్చో మానా, బియ్యం ఇంకా పంచలేదు.”